ఏడో బోటుకు పది గంటల పిలుపు

ల్యాబు, రెండో అంతస్తు
జనవరి 9

వదినా,

నేను ఉత్తరం రాశానంటే ఏదో అవసరం పడిందని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పడింది. ముందు మర్యాదకు అడగాల్సినవి అడిగేస్తాను. అన్నయ్య ఎలా ఉన్నాడు? నీ మెడనొప్పి తగ్గిందా? అయిపోయింది. ఇక నా పని.

నాలుగేళ్లుగా మేం కుస్తీ పడుతున్న పెట్టెను మీ రేవులో పెట్టి చూడటానికి అనుమతి వచ్చింది. అవును, మీ రేవులోనే, నీ బల్ల మీదే. నేనేమీ అడిగి పెట్టించలేదు. సరే, కొంచెం అడిగాను.

సంగతి ఇది. ఇప్పుడు నీ ముందు నాలుగు రేడియోలున్నాయి కదా, ఒక్కోటి ఒక్కో రకం బోట్లతో మాట్లాడటానికి. ఏ రేడియోలోనైనా మాట అంచెలంచెలుగా తయారై బయటికి పోతుంది. ఒక అంచె మాటను ముక్కలు చేస్తుంది, ఒకటి ఎవరికి పోవాలో రాస్తుంది, ఒకటి వంతు చూసుకుంటుంది, చివరిది గాలిలోకి వదులుతుంది. ఈ అంచెల కట్టనే మేం స్టాక్ అంటాం. పాత రేడియోల్లో ఈ అంచెలన్నీ తయారుచేసిన రోజే బిగించేశారు, మార్చడానికి లేదు. మా పెట్టెలో అంచెలన్నీ ప్రోగ్రాములే. ఏ అంచె కావాలంటే అది తీసి ఇంకొకటి పెట్టొచ్చు, పెట్టె ఆపకుండానే. నాలుగు రేడియోల పని ఒకటే చేస్తుంది.

నాకు కావలసింది నీ పని ఎలా నడుస్తుందో ఉన్నదున్నట్టు. రూల్సు పుస్తకం నా దగ్గర ఉంది, అది కాదు. నువ్వు పొద్దున కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా ఏం చేస్తావో రాయి.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. మా పరీక్ష గదికి ఇనుప గోడలు. ఫోను గేటు దగ్గర అప్పగించి లోపలికి పోవాలి. నేను బయటికొచ్చేసరికి నువ్వు రోజంతా మైకులో మాట్లాడి అలిసిపోయి ఉంటావు, నాతో ఊ, ఆ తప్ప అనవు. కాగితం మీద అయితే నీ నోటికి అదుపుండదు.

నీ మరదలు

*

రేడియో గది, రేవు
జనవరి 17

గడుగ్గాయి మరదలికి,

నడుస్తున్న బండికి చక్రం మారుస్తామంటున్నావు. మార్చు. బండిలో మీ అన్నయ్య ఉంటాడని మాత్రం గుర్తుపెట్టుకో.

నా పని అడిగావు. పొద్దున ఆరింటికి కుర్చీ ఎక్కుతాను. కుర్చీ ఎత్తు సరిచేసుకోవడం మొదటి పని, ఎందుకంటే రాత్రి డ్యూటీ ఆయన తాటిచెట్టంత మనిషి. గాలి ఎంత, అల ఎంత అని చదువుతాను. వచ్చే ఓడలకు, పోయే ఓడలకు దారి చెబుతాను. గంట గంటకూ బోట్లను నంబరు వరసన పిలుస్తాను. పిలిచిన బోటు పలుకుతుంది. పలికితే లాగ్ పుస్తకంలో దాని నంబరు ఎదురుగా గుర్తు పెడతాను. పలకకపోతే మళ్లీ పిలుస్తాను. మూడోసారికీ పలకకపోతే టగ్ బోటును పంపిస్తాను. పంతొమ్మిదేళ్లలో నాలుగుసార్లు పంపాను. మూడుసార్లు రేడియో తీగ ఊడింది, ఒకసారి ఆ బోటు నడిపేవాడు నిద్రపోయాడు.

మీ అన్నయ్యది ఏడో బోటు, నీకు తెలిసిందే. ఓడల దారికి అటూ ఇటూ తేలే బోయల్లో దీపాలు మార్చడం, బ్యాటరీలు మార్చడం. బోటులో సాయానికి మేట్ బాబాయి ఉంటాడు. వీళ్లిద్దరూ రోజంతా పక్కపక్కనే ఉండి పది మాటలు మాట్లాడుకుంటే ఆ రోజు సముద్రం పొంగుతుంది.

ఇంతకంటే చెప్పడానికేం లేదు. అంతా రూల్సు పుస్తకంలో ఉన్నట్టే.

వదిన

*

ల్యాబు
ఫిబ్రవరి 20

వదినా,

పెట్టె వచ్చే వారం మీకు చేరుతుంది. కొత్త సెట్లు కూడా బోట్లకు బిగిస్తున్నారు. ఏడో బోటుకు తప్ప. అది జూన్లో మరమ్మతుకు రేవెక్కుతుంది కాబట్టి అప్పుడు బిగిస్తారట. అంటే మూడు నాలుగు నెలలపాటు పాత సెట్టుతో తిరిగేది అన్నయ్య ఒక్కడే. అతని ఒక్కడి కోసం పాత తరహా అంచె ఒకటి రాశాను. మా టీం లీడర్ దాన్ని 'మీ అన్నయ్య అంచె' అని వెక్కిరిస్తున్నాడు. రాయడానికి పదకొండు రోజులు పట్టింది, తల ప్రాణం తోకకొచ్చింది. కాబట్టి అతన్ని కాస్త ఎక్కువ మాట్లాడమను.

నీకు చేయాల్సిందేమీ లేదు. ఏడో నంబరు నొక్కి మాట్లాడు, మిగతాది పెట్టె చూసుకుంటుంది.

మరదలు

*

రేడియో గది
మార్చి 12

మరదలా,

పెట్టె వచ్చింది, నాలుగు రేడియోలు పోయాయి. బల్ల మీద ఇంత జాగా ఏం చేసుకోవాలో తెలియక మోచేతులు పెట్టుకు కూర్చుంటున్నాను. గొంతులు శుభ్రంగా వినిపిస్తున్నాయి. మూడో బోటాయన ఎప్పుడూ జలుబుతో ఉంటాడనుకునేదాన్ని, అది జలుబు కాదు, పాత రేడియో అట.

అప్పుడప్పుడు పెట్టె మీద చిన్న పచ్చ దీపం ఆరిపోతుంది, నేను ఏడో నంబరు నొక్కితే మళ్లీ వెలుగుతుంది. అది దేనికి? పనికేమీ అడ్డు లేదు, ఊరికే అడిగాను.

రేవు అధికారి రోజూ వచ్చి పెట్టెను చూసి పోతున్నాడు. మా మరదలు చేసిందని నేను అందరికీ చెప్పి విసిగిస్తున్నాను. మీ అన్నయ్య చెప్పడు, కానీ మేట్ బాబాయితో చెప్పించాడు.

వదిన

*

ల్యాబు
మార్చి 28

వదినా,

రెండు ముక్కలే. నిన్న పెద్దవాళ్ల ముందు మా పెట్టె గురించి చెప్పాను. మీ రేవు లెక్కలే చూపించాను. పెట్టె గంటకు నలభై నిమిషాలు సగం పనిభారంతోనే నడుస్తోందని, వేడెక్కడం లేదని చెబితే వెనక వరసలో వాళ్లు కూడా రాసుకున్నారు. ఇంకో మూడు రేవులు అడుగుతున్నాయి. పచ్చ దీపం గురించి బెంగపెట్టుకోకు, అది మా లెక్క కోసం.

మరదలు

*

ఇల్లు
ఏప్రిల్ 19

మరదలా,

మంగళవారం ఏడో బోటు రాళ్లకు కొట్టుకుంది. మనిషి క్షేమం, అది ముందు చదువు. మీ అన్నయ్యకు కుడి మణికట్టు విరిగింది. మేట్ బాబాయికి కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది, ఆపరేషన్ చేశారు.

బోయకు కట్టిన తాడు తెగి ప్రొపెల్లరుకు చుట్టుకుంది. ఇంజను ఆగిపోయింది. గాలి ఒడ్డు వైపే ఉంది. పదీ పన్నెండు నుంచి మీ అన్నయ్య రేడియోలో పిలుస్తూనే ఉన్నాడట. నాకు వినపడలేదు. ఒక్క ముక్క కూడా వినపడలేదు. పదీ ముప్పై ఎనిమిదికి టగ్ వాళ్లు చూసి నాకు చెప్పారు. అప్పటికి బోటు రాళ్ల మీద ఉంది.

నన్ను రేడియో గదిలోంచి తీసేశారు. విచారణ అయ్యేదాకా స్టోర్సులో లైఫ్ జాకెట్లకు నంబర్లు వేయమన్నారు. శ్రద్ధగా వినలేదని రాశారు. అది ఎలాగో భరించొచ్చు. మీ అన్నయ్య ఏమన్నాడో చెబుతాను. ఆ రోజు పొద్దున ఇంట్లో మేమిద్దరం మాటా మాటా అనుకున్నాం. ఆసుపత్రిలో, నర్సు అవతలికి వెళ్లాక అడిగాడు, "ఇరవై ఆరు నిమిషాలు పిలిచాను. కోపంతో పలకలేదా?" అని. 

నాకు వినపడలేదని చెప్పాను. సరే అన్నాడు. నమ్మలేదు.

మీ పెట్టెలో ఏమైందో నువ్వే చెప్పాలి.

వదిన

*

ల్యాబు
ఏప్రిల్ 24

వదినకు,

అన్నయ్యతో ఫోన్లో మాట్లాడాను. మేట్ బాబాయి వాళ్లింటికీ చేశాను. ఇద్దరూ త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను.

విచారణ జరుగుతున్నందున వివరాలు రాయవద్దని మాకు చెప్పారు. మా రికార్డుల ప్రకారం ఆ సమయంలో ఏడో బోటు నుంచి ఎలాంటి సంకేతమూ పెట్టెకు అందలేదు. ఇంతవరకే చెప్పగలను.

ఆరోగ్యం జాగ్రత్త.

మరదలు

*

ఇల్లు
మే 1

ఏమ్మా,

'వివరాలు రాయవద్దని మాకు చెప్పారు' అని ఎవరికి రాశావు? నీకు జడలు వేసిన మనిషికా? ఆ ఉత్తరం మీ అన్నయ్యకు చూపించలేదు. చదివితే ఆ విరిగిన చేతితోనే చింపేవాడు.

నువ్వు చెప్పకపోతే పోనీ. నేను దాచింది నేను చెబుతాను. విచారణలో అడిగినప్పుడు అక్కడా చెబుతాను, ముందు నీకు.

జనవరిలో నువ్వు ఉన్నదున్నట్టు రాయమన్నావు. నేను రాయలేదు. బోట్లు గంట గంటకూ పలుకుతాయని రాశాను, పలకవు. రూల్సు ప్రకారం నంబరు చెప్పి, చోటు చెప్పి, నోటితో జవాబివ్వాలి. మా రేవులో ఎవరూ అలా ఇవ్వరు. నేను పిలుస్తాను, వాళ్లు మైకు మీది బటన్ రెండుసార్లు నొక్కి వదులుతారు. టక్ టక్ మని వినిపిస్తుంది. అంటే ఉన్నాం, బాగున్నాం అని. చేతిలో పనున్నవాళ్లకు అదే వీలు. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన నేర్పాడు. కొత్త సెట్లు వచ్చాక మిగతావాళ్లు మాట్లాడటం నేర్చుకున్నారు, ఏడో బోటు మాత్రం అలాగే నొక్కుతోంది. రూలు తప్పుతున్నామని కాగితం మీద పెడితే ఎవరి కంట పడుతుందోనని భయపడ్డాను. నీ దగ్గర కూడా.

దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే చెప్పు.

వదిన

*

నా గది, హాస్టలు
మే 9

వదినా,

ఇది ల్యాబులో కూర్చుని రాయడం లేదు.

సంబంధం ఉంది. నువ్వు దాచావు, నిజమే. నేను దాచింది ఇంకా పెద్దది.

పాత అంచె, కొత్త అంచె రెండూ ఎప్పుడూ మేలుకుని ఉంటే పెట్టె వేడెక్కుతుంది, నెమ్మదిస్తుంది. అందుకని పని లేని అంచెను నిద్రపుచ్చే రూలు పెట్టాను. నేనే, నా చేత్తో. రూలు ఇది. నువ్వు ఏడో నంబరు నొక్కి పిలిస్తే పాత అంచె లేస్తుంది. బోటు నుంచి మనిషి గొంతు వినిపిస్తే ఇంకో గంటా పది నిమిషాలు మేలుకుని ఉంటుంది. గొంతు వినిపించకపోతే ఇరవై నిమిషాలకే పడుకుంటుంది. గంటకోసారి నోటితో జవాబిస్తారని రూల్సు పుస్తకంలో ఉంది కాబట్టి అది రోజంతా మేలుకునే ఉంటుందని నా లెక్క. మీ టక్ టక్ దానికి గొంతు కాదు, చప్పుడు. అందుకే ప్రతి గంటలోనూ ఇరవై నిమిషాలు మేలుకుని నలభై నిమిషాలు పడుకుంది. పడుకున్నప్పుడు అన్నయ్య ఎంత అరిచినా దానికి వినపడదు, ఎందుకంటే ఆ అరుపును పోల్చుకునేది ఆ అంచే. నీ పచ్చ దీపం అదే.

ఇక్కడిదాకా అయితే పొరపాటు అనొచ్చు. కానీ పెట్టిన రెండో వారానికే అది గంటకు నలభై నిమిషాలు పడుకుంటోందని లెక్కల్లో చూశాను. ఆ బోటులో మనిషి ఎందుకు మాట్లాడటం లేదని అడగాలి కదా. మా సొంత అన్నయ్య. అడగలేదు. లెక్క బాగుందని సంబరపడి పెద్దవాళ్లకు చూపించాను. నువ్వు దీపం గురించి అడిగితే నోరు మూయించాను. 

పోయిన ఉత్తరం మా లీడర్ చెప్పినట్టు రాశాను. సిగ్గుగా ఉంది. ఇరవై ఒకటిన విచారణకు నేనే వస్తాను. ఇదంతా చెబుతాను. నీ కుర్చీ నీకు ఇప్పిస్తాను. అన్నయ్యకు కూడా చెప్పు, నువ్వు వినకుండా కూర్చోలేదని.

నీ మరదలు

*

ఇల్లు
మే 14

మరదలా,

ఉత్తరం అందింది. చదివాను. మీ అన్నయ్యకు చదివి వినిపించాను.

నువ్వు రావడానికి బస్సు కంటే రైలు మంచిది. ఇక్కడ ఎండలు ముదిరాయి, నూలు బట్టలు తెచ్చుకో. ఇంట్లోనే దిగు.

వదిన

*

హాస్టలు
మే 30

వదినా,

నన్ను టీం నుంచి తప్పించారు. ఊహించిందే. మిగతా రేవులకు పెట్టె పంపడం ఆపేశారు, అదీ మంచిదే. ఇప్పుడు నాకు పాత రాతకోతలు సర్దే పని ఇచ్చారు. నువ్వు లైఫ్ జాకెట్లకు నంబర్లు వేసినట్టే.

నువ్వు మాత్రం మళ్లీ కుర్చీ ఎక్కావని అన్నయ్య చెప్పాడు. టక్ టక్ గురించి ఒక్క హెచ్చరిక కాగితంతో వదిలేశారట. ఆ మాట విన్నాక కడుపునిండా తిన్నాను.

అక్కడ ఉన్న రెండు రోజులూ నువ్వు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వంటగదిలో ఏదో కడుగుతూనే ఉన్నావు. కోపం ఉండటం న్యాయమే, తగ్గేదాకా ఆగుతాను.

నేను చెబుతున్నప్పుడు విచారణ గదిలోకి నిన్ను రానివ్వలేదు కాబట్టి ఒక సంగతి నీకు తెలియదు. మా రికార్డుకూ నీ లాగ్ పుస్తకానికీ ఒకచోట పొంతన కుదరలేదు. మా రికార్డులో పాత అంచె తొమ్మిదింటికి లేచింది, తొమ్మిదీ ఇరవైకి పడుకుంది, పదింటికి లేవనే లేదు. నీ పుస్తకంలో పదింటికి ఏడో బోటు పలికినట్టు గుర్తుంది. అన్నయ్యను అడిగితే, ప్రతి గంటా నొక్కుతాను, ఇంజను హోరులో ఆ గంట నొక్కానో లేదో చెప్పలేను అన్నాడు. రెండింట్లో ఏది నిజమని విచారణ చేసే పెద్దాయన నన్ను అడిగాడు. మా వదిన పుస్తకంలో పంతొమ్మిదేళ్లుగా తప్పు గుర్తు లేదు, మా పెట్టెకు ఆర్నెల్లు నిండలేదు, పుస్తకమే నిజం అన్నాను. 

అంటే పెట్టెలో ఇంకో తప్పు ఉంది. పదింటికి నువ్వు పిలిస్తే లేచి, జవాబు విని, ఆ సంగతి రాసుకోకుండానే మళ్లీ పడుకుంది. ఆ తప్పు కోసం మా వాళ్లు ముగ్గురు రెండో వారం తలలు పట్టుకుని వెతుకుతున్నారు. అంచెలు మార్చే భాగమంతా విప్పేశారు. దొరకడం లేదు. దొరక్కపోతే ఆ భాగం మొత్తం పారేసి మొదటి నుంచి రాయాలట. నాలుగేళ్ల పని. పోనీలే, మనిషి ప్రాణం కంటే ఎక్కువేం కాదు.

మరదలు

*

ఇల్లు
జూన్ 6

మరదలా,

నాకు నీ మీద కోపం లేదు. నీ ముఖం చూడలేక గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్లీ కడిగాను.

నీ మే తొమ్మిది ఉత్తరం చదివిన రోజే నాకు తెలిసిపోయింది. ఇరవై నిమిషాలు మేలుకుని ఉంటుందని రాశావు కదా. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. పదింటికి లేస్తే పదీ ఇరవై దాకా మేలుకుని ఉంటుంది. మీ అన్నయ్య మొదటి కేక పదీ పన్నెండుకు. వినపడి ఉండాల్సింది. అప్పుడే నీకు రాయాలి. రైలెక్కి రమ్మని, నూలు బట్టలు తెచ్చుకోమని రాశాను. నువ్వు వెళ్లి ఆ గదిలో నిలబడి చెబుతుంటే స్టోర్సులో కూర్చుని నంబర్లు వేశాను.

ఆ పొద్దున గొడవ ఏమిటో నీకు చెప్పలేదు. ఈ ఏడాదితో బోటు దిగి ఒడ్డు మీద పనికి మారతానని మీ అన్నయ్య నాకు మాటిచ్చాడు. నాకు చెప్పకుండా ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టి వచ్చాడు. ఆ కాగితం చొక్కా జేబులో దొరికింది. అరిచాను. ఆయనకు నోరు లేదు కదా, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఏడింటికి, ఎనిమిదింటికి, తొమ్మిదింటికి పిలిచాను. ఏమీ జరగనట్టు టక్ టక్. మూడోసారి విన్నాక ఒళ్లు మండిపోయింది. పది గంటలకు వరసగా ఒకటి నుంచి ఆరు దాకా పిలిచాను. ఏడు వచ్చేసరికి ఈయనకు నా గొంతు వినిపించేదేమిటి అనుకున్నాను. ఎలాగూ ఉంటాడు, ఎప్పుడూ ఉంటాడు. గుర్తు పెట్టేసి ఎనిమిదికి పోయాను.

కుర్చీ తిరిగిచ్చిన రోజు మీ అన్నయ్య ఎడమ చేత్తో నా భుజం పట్టుకుని, అనుమానించినందుకు తప్పయిందన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. నేను ఫరవాలేదన్నాను. అంత మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

మొన్న నీ ఉత్తరం వచ్చింది. పెట్టెలో లేని తప్పు కోసం ముగ్గురు వెతుకుతున్నారని చదివాక ఇక మింగుడు పడలేదు. మీ అన్నయ్యకు చెప్పాను. మొత్తం విన్నాడు. "ముందు ఆ పిల్లకి రాయి" అన్నాడు. అంతే, తర్వాత మాట్లాడలేదు. ఈ రోజుకు మూడో రోజు. మేట్ బాబాయి దగ్గరికి కూడా వెళ్లాను. ఆయన కాలు దిండు మీద పెట్టుకుని, గోడ వైపు తిరిగి, ఇక వెళ్లమ్మా అన్నాడు.

ఇవాళ పొద్దున రేవు అధికారికి చెప్పి పుస్తకం తెరిపించాను. లాగ్ పుస్తకంలో దేన్నీ చెరపకూడదు, కింద ఉన్నది కనపడేలా ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి. ఆ గుర్తు మీద గీత కొట్టి, 'పిలవలేదు' అని రాసి సంతకం పెట్టాను. తాళం చెవులు ఇచ్చి వచ్చేశాను. కుర్చీ మళ్లీ ఇస్తారని నేను అనుకోవడం లేదు, నువ్వు కూడా అడగకు.

మీ వాళ్లను వెతకడం ఆపమని చెప్పు. విప్పినదంతా ముందు ఎలా ఉండేదో అలా తిరిగి పెట్టేయమను. నేను పిలవలేదు, అందుకే అది లేవలేదు.

వదిన